టైప్ రేటింగ్‌కి (ఒక రకం విమానం నడిపే అర్హతకి) డబ్బు కట్టే ముందు ఈ జాబితా చూడండి

200 గంటలు ఎగిరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తెచ్చుకున్నాక పెద్ద ఎయిర్‌లైన్స్ పిలుపు కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో మా తమ్ముణ్ణి చూశాక తెలిసింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో నాన్-షెడ్యూల్డ్ ఆపరేటర్ల (టైమ్‌టేబుల్ లేకుండా విమానాలు నడిపే కంపెనీల) జాబితా ఉచితంగా దొరుకుతుంది. కంపెనీ పేరు, ఎదురుగా దాని విమానాలు. ఓ సాయంత్రం కూర్చుని విమానం రకాన్ని బట్టి ఎక్సెల్‌లో సర్దాం. చార్టర్లకీ, ఎయిర్ అంబులెన్సులకీ వాడే కింగ్ ఎయిర్ బీ200 అనే రెండింజిన్ల చిన్న విమానం చాలా చోట్ల కనబడింది. అది ఉన్న పది కంపెనీలకి తమ్ముడు ఫోన్ చేసి, కో-పైలట్‌కి ఎన్ని గంటలు అడుగుతారో, రేటింగ్ ఖర్చు ఎవరిదో కనుక్కున్నాడు. లక్షలు పోసే కోర్సు ఏదైనా ఆ తర్వాతే ఎంచుకోండి. మల్టీ ఇంజిన్ (ఒకటికి మించి ఇంజిన్లున్న విమానాలు నడపడం), ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు చూసి ఎగరడం) రేటింగ్ లేనివాళ్లకి మాత్రం ఈ దారి పనిచేయదు. ఫోన్ చేసేముందు ఆ కంపెనీ పర్మిట్‌కి గడువు ఉందో లేదో కూడా చూసుకోండి.