కుక్క బొమ్మ ఉంటే పాతదే అనుకోవద్దు: కంట్రీ రికార్డుల తొలి అచ్చు పట్టుకోవడం

రాజమండ్రిలో మా తాతగారింట్లో గ్రామఫోన్ ప్లేట్ల పెట్టె ఒకటుండేది. పాటలు గుర్తులేవు గానీ, బూరా ముందు చెవి రిక్కించి కూర్చున్న ఆ కుక్క బొమ్మ మాత్రం కళ్లలో ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అమెరికాలో నాష్‌విల్ దగ్గర గాలటిన్‌లో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్లాను. ఇంటి పెద్దలు పోయాక సామానంతా ఇంట్లోనే పెట్టి అమ్మేస్తారు, అదన్నమాట. అక్కడ ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ లేబుల్ మీద అదే కుక్క! కంట్రీ (అమెరికా పల్లెపాటల బాణీ) గిటారిస్టు చెట్ అట్కిన్స్ రికార్డు, మూడు డాలర్లు. అప్పట్నుంచి శనివారం పొద్దున్నే మా ఆవిడ కారు తాళాలు దాచడం మొదలుపెట్టింది.

తొలి అచ్చు, అంటే ఆల్బమ్ మొదట వచ్చినప్పుడే ఒత్తిన రికార్డు, కావాలంటే మొదట నేర్చుకోవాల్సింది అట్ట చూసి మురిసిపోకుండా ఉండటం. అమ్మేవాళ్లని అడిగి రికార్డు బయటికి తీసి, మధ్యనున్న లేబుల్ చూడండి. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ 1968 జనవరి 13న ఫాల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడిన ఆల్బమ్ నేను ఆన్‌లైన్‌లో 35 డాలర్లు పెట్టి కొన్నాను. ఫొటోలో అట్ట ఒక్కటే ఉంది. వచ్చాక చూస్తే ఎర్ర లేబుల్ అంచు చుట్టూ కొలంబియా కంపెనీ పేరు దండలా తిరిగి ఉంది. అది 1970లో మొదలైన లేబుల్. 1968 నాటిదైతే ఎరుపే గానీ, అడుగున అటూ ఇటూ ‘360 సౌండ్’ అని తెల్లక్షరాలుండాలి. అట్ట మీది నంబరు చూసి తేల్చేద్దామంటే కుదరదు. మళ్లీ మళ్లీ అచ్చేసినా నంబరు అదే ఉండొచ్చు.

ఇంకా వెనక్కి వెళ్తే కొలంబియావాళ్ల లేబుల్‌కి రెండు వైపులా మూడేసి కళ్ల గుర్తులుంటాయి. సేకర్తలు దాన్ని ‘సిక్స్ ఐ’ అంటారు. మార్టీ రాబిన్స్ తుపాకీ వీరుల పాటల ఆల్బమ్ 1959లో వచ్చింది, దానికి ఆరు కళ్లూ ఉండాల్సిందే.

ఇక కుక్క సంగతి. కుక్క ఉంటే పాతదని నేనూ చాన్నాళ్లు నమ్మాను. 1968 చివర్లో ఆర్‌సీఏ నల్ల లేబుల్ తీసేసి నారింజ రంగుది తెచ్చింది, కుక్క ఎగిరిపోయింది. 1976లో మళ్లీ నల్ల లేబుల్ మీద, కుడివైపు పైన, వచ్చి కూర్చుంది. కాబట్టి డాలీ పార్టన్ 1971 ఆల్బమ్ ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ మీద కుక్క కనిపిస్తే అది తర్వాతి అచ్చు. నారింజే అసలుది. ప్యాట్సీ క్లైన్, లొరెటా లిన్‌లకు ఇంకా తేలిక: ఆ గాయనుల రికార్డులు వేసిన డెక్కా లేబుల్ 1973లో ఎంసీఏగా మారిపోయింది. 1960ల ఆల్బమ్ మీద ఎంసీఏ అని ఉంటే నెమ్మదిగా కింద పెట్టేయండి. అట్ట వెనక బార్‌కోడ్ ఉన్నా అంతే.

పాట అయిపోయాక ఖాళీగా ఉండే చోట గీసిన అక్షరాలుంటాయి. కొలంబియా రికార్డు మీద ‘1ఏ’ ఉంటేనే తొలి అచ్చు అని ధర పెంచేవాళ్లుంటారు. వాళ్ల మాట వినకండి. అచ్చుకి మూలంగా వాడే పలకలు ఒకేసారి చాలా కోసి, 1ఏ, 1డి లాంటి గుర్తులు పెట్టి, వేర్వేరు ఊళ్ల ఫ్యాక్టరీలకు పంపేవాళ్లు. ‘1డి’ కూడా అదే వారం బయటికొచ్చి ఉండొచ్చు.

నా మటుకు అసలైన కరువు తొలి అచ్చుకి కాదు, శుభ్రమైన కాపీకి. ఇవి వంటింట్లో, హాల్లో, బరువైన ముల్లున్న రేడియోగ్రామ్‌ల మీద పదేపదే తిప్పిన రికార్డులు. షోకేసులో పెట్టుకున్నవి కావు. బల్బు కింద ఏటవాలుగా పట్టుకోండి. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు పర్వాలేదు. నలుపు పోయి బూడిద రంగు తేలితే గాడి అరిగిపోయినట్టు. కడిగినా గరగర పోదు. అలాంటి తొలి అచ్చు కన్నా శుభ్రంగా ఉన్న 1970ల అచ్చు కొనుక్కుని వినడమే నయం. ఆన్‌లైన్‌లో కొంటే లేబుల్ ఫొటో, బల్బు కింద తీసిన ఫొటో రెండూ అడగండి. ఇవ్వనంటే బేరం మానేయండి.

ఎస్టేట్ సేల్‌కి చివరి రోజు వెళ్తే సగం ధరకే ఇచ్చేవాళ్లుంటారు, కానీ మంచివి మొదటి గంటలోనే పోతాయి. జూలైలో కొంటే కారులో వదిలి భోజనానికి వెళ్లకండి. అప్పడంలా వంకర తిరుగుతాయి. ఇంట్లో ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడుస్తాను. ఇది వినైల్‌ (ప్లాస్టిక్) రికార్డులకి మాత్రమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కి కరిగిపోతాయి. తాతగారి ప్లేటొకటి నేనలాగే తుడిచాను. పక్కకి తీసి చూస్తే గుడ్డంతా నల్లగా ఉంది.