హెల్మ్ రిలీజ్ మధ్యలో ఇరుక్కుపోతే

డిప్లాయ్ నడుస్తుండగా పైప్‌లైన్‌ను (ఆటోమేటిక్‌గా డిప్లాయ్ చేసే వ్యవస్థను) ఎవరైనా క్యాన్సిల్ చేస్తే, కంటెయినర్లను నడిపే కుబర్నెటిస్‌లో ఆ హెల్మ్ రిలీజ్ (హెల్మ్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ చేసిన యాప్) 'పెండింగ్ అప్‌గ్రేడ్' దగ్గరే ఉండిపోతుంది. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఇంకో ఆపరేషన్ నడుస్తోందనే ఎర్రరే వస్తుంది.

టెన్షన్‌లో అన్‌ఇన్‌స్టాల్ మాత్రం కొట్టకండి. పాడ్లు (యాప్ కంటెయినర్లు నడిచే యూనిట్లు), సర్వీసులు అన్నీ పోతాయి. చార్ట్ (హెల్మ్ ప్యాకేజీ) టెంప్లేట్లలో పీవీసీ (డేటా దాచుకోవడానికి స్టోరేజ్ కోరే రిసోర్స్) ఉంటే అదీ పోతుంది, దాంతో డేటా కూడా పోవచ్చు.

ముందు వేరే పైప్‌లైన్ ఏదీ నిజంగా నడవడం లేదని చూసుకోండి. హెల్మ్ 3లో మామూలు 'హెల్మ్ లిస్ట్' పెండింగ్ రిలీజ్‌లను చూపించదు, రిలీజే మాయమైందని కంగారు పడొద్దు. 'హెల్మ్ హిస్టరీ' కొట్టి రిలీజ్ పేరు ఇవ్వండి, నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఆ యాప్ ఉన్న విభాగం) మరచిపోకండి. రివిజన్ (ప్రతి డిప్లాయ్‌కీ పడే నంబర్) 7 పెండింగ్‌లో, 6 డిప్లాయ్డ్‌లో కనిపించిందనుకోండి. 'హెల్మ్ రోల్‌బ్యాక్', రిలీజ్ పేరు, 6 అని కొట్టండి. అంతే, తాళం విడిపోతుంది. మొట్టమొదటి ఇన్‌స్టాలే ఇరుక్కుంటే వెనక్కి వెళ్లడానికి రివిజన్ ఉండదు, అప్పుడు అన్‌ఇన్‌స్టాలే దారి.

అటామిక్ ఫ్లాగ్ (అప్‌గ్రేడ్ విఫలమైతే తనంతట తానే వెనక్కి తిప్పే ఆప్షన్) ఉందిగా అని ధీమా వద్దు. హెల్మ్ ప్రాసెస్‌నే చంపేస్తే వెనక్కి తిప్పేవాళ్లెవరూ ఉండరు. హెల్మ్ టైమౌట్ మామూలుగా 5 నిమిషాలు. వెనక్కి తిప్పడానికీ సమయం కావాలి కాబట్టి పైప్‌లైన్ టైమౌట్‌ను కనీసం 15 నిమిషాలైనా పెట్టండి.