ఆమ్ల గరువులకు ఫ్యాక్టరీ సున్నం: ఎంత వేయాలి, ఎలా వేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం గరువుల్లో (నీరు నిలవని మెట్ట చేలల్లో) వాన నీటితో పాటే ఎర్రమట్టిలోని కాల్షియం, మెగ్నీషియం కిందికి దిగిపోతాయి. నేల ఆమ్లంగా మారితే మొక్కజొన్న వేళ్లు మొద్దుబారతాయి, వేసిన భాస్వరం పైరుకందదు, వేరుశనగ తాలు కాయలు పడుతుంది. ఈ ఆమ్లాన్ని విరచడానికే సున్నం. ఫ్యాక్టరీల నుంచి వచ్చే సున్నపు వ్యర్థాలూ ఆ పని చేస్తాయి. నీరు నిలిచే వరి మడికి మాత్రం ఈ సున్నం ఖర్చు సాధారణంగా దండగే. మునిగిన కొన్ని వారాలకు ఆ నేల ఆమ్లగుణం దానంతటదే తగ్గుతుంది.

1. మట్టి తీయడం
ఎకరాకు 8–10 చోట్ల 15 సెం.మీ. లోతు గుంట తీసి, దాని గోడను పైనుంచి కిందిదాకా సన్నగా గీకాలి. గట్లు, పెంటకుప్పల చోటు వదిలేయండి. అంతా కలిపి అరకిలో ల్యాబుకు పంపండి. పీహెచ్ అంకెతో (7 కంటే తగ్గేకొద్దీ నేలలో ఆమ్లం ఎక్కువని అర్థం) సరిపెట్టుకోకుండా 'సున్నం అవసరం', అంటే ఎకరాకు ఎంత సున్నం పడుతుందో అడగండి. పీహెచ్ రెండింటికీ 5.2 ఉన్నా, ఇసుక నేలకు పట్టేది తక్కువ, బంక నేలకు ఎక్కువ.

2. సరుకు ఎంచుకోవడం
కాగితం మిల్లు సున్నపు మడ్డి మెత్తగా ఉంటుంది, త్వరగా పనిచేస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే చిట్టెం అయిన స్లాగ్‌ను పిండిలా నూరి ఉంటేనే కొనండి. గులకల్లా ఉంటే ఏళ్లు గడిచినా కరగదు. చక్కెర మిల్లు మడ్డిలో కార్బొనేషన్ పద్ధతిదే (చెరకు రసాన్ని సున్నం, కార్బన్ డయాక్సైడ్ వాయువులతో శుద్ధి చేసినదే) సున్నంగా పనికొస్తుంది. సల్ఫిటేషన్ (గంధకపు పొగతో శుద్ధి చేసే పద్ధతి) మడ్డి ప్రధానంగా సేంద్రియ ఎరువు. జిప్సం కాల్షియం ఇస్తుంది గానీ పీహెచ్ పెంచదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫెర్రోక్రోమ్ స్లాగ్ జోలికి పోవద్దు. ఏ సరుకైనా క్రోమియం, సీసం, కాడ్మియం రిపోర్టు చూశాకే దింపించుకోండి.

3. లెక్క
లారీ లెక్కన కొనడమే అసలు పొరపాటు. ల్యాబు ఎకరాకు 1,000 కిలోల శుద్ధ సున్నపురాయి పొడి చెప్పిందనుకుందాం. ఆరిన మడ్డి తటస్థీకరణ శక్తి (శుద్ధ సున్నపురాయితో పోలిస్తే ఆమ్లాన్ని విరిచే బలం) 70 శాతం, తడి సరుకులో తేమ 30 శాతం అయితే, 1,000ను శక్తి కోసం 0.70తో, తేమ పోగా మిగిలే పొడి భాగం కోసం మళ్లీ 0.70తో భాగించండి: సుమారు 2,040 కిలోలు. అంటే సెంటుకు 20 కిలోలు. చేనును తాళ్లతో సెంట్లుగా విడగొట్టి తట్టలతో పోస్తే కుప్పలు పడవు.

4. చల్లడం
తొలకరికి ముందు, గాలి లేని పూట చల్లి, రోటవేటర్‌తో 15 సెం.మీ. లోతు కలపండి. పైపైన వదిలేస్తే వేళ్ల దాకా దిగదు. యూరియా, డీఏపీతో కలిపితే అమ్మోనియా గాలిలో కలుస్తుంది. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపితే భాస్వరం బిగుసుకుంటుంది. విత్తడానికి ముందు రెండు మూడు వారాలు ఎడం ఇవ్వండి.

అంత ఖర్చు భరించలేకపోతే ఏటా విత్తే చాలులోనే ఎకరాకు 80–160 కిలోల సున్నపు పొడి వేయండి. మడ్డి అయితే పై లెక్కనే పెంచుకోవాలి.

తేలిక ఇసుక నేలలో పీహెచ్ 6.5 దాటనివ్వద్దు. దాటితే జింకు, బోరాన్ అందక లేతాకులు పాలిపోతాయి. కోత అయ్యాక అదే చేను మట్టి మళ్లీ పరీక్షించి, తర్వాతి విడత తేల్చుకోండి.