తొలకరికి ముందు పాత దాగలి కొంటున్నారా? తోకా ముఖమూ చూసి కొనండి

రోహిణి కార్తె వెళ్లేలోపు కొలిమి సిద్ధం కావాలి. మృగశిరలో రెండు వానలు పడితే చాలు, చంద్రగిరి, పాకాల వైపు పల్లెల నుంచి కర్రులు, గుంటకలు, పారలు వరసగా వచ్చేస్తాయి. శెనక్కాయ విత్తే రైతును రేపు రమ్మంటే ఆగడు. అందుకే మే నెలలోనే మన కమ్మరివాళ్లు చాలామంది దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మె) మార్చుకుందామని తిరుపతి, చిత్తూరు పాత ఇనుము అంగళ్ల చుట్టూ తిరుగుతారు. కిలో లెక్కన పాతది దొరుకుతుందంటే ఎవరికైనా ఆశే. ఆ తొందరలోనే మోసపోతాం.

మూడేళ్ల కింద నేనూ అలాగే కొన్నాను. నల్లరంగు వేసి నిగనిగలాడుతోంది, 70 కిలోల పైన తూగింది, ఇంకేం కావాలనుకున్నాను. మూడో వారంలో గడ్డపార మొన సాగగొడుతున్నాం. తోక (మొనదేలిన కొమ్ముకు ఎదురు చివర) మీద సమ్మెట దెబ్బ పడిందో లేదో, చదరం బెజ్జం (పనిముట్లు నిలబెట్టే చదరపు రంధ్రం) దగ్గరికి తోక మొత్తం ఊడి కిందపడింది. సమ్మెట పట్టిన మా తమ్ముడి పాదానికి జానెడు దూరం. విరిగిన చోట చూస్తే సగం తుప్పు పట్టి ఎర్రగా ఉంది, సగం అప్పుడే తెగిన బూడిదరంగు. అంటే నేను డబ్బులిచ్చిన నాటికే అది సగం చీలి ఉంది. లప్పం పెట్టి పైన రంగు పూశారు. ఆ బూడిదరంగు మీద వేలు రుద్దితే పెన్సిలు పొడిలాంటి మసి అంటింది. బీడులో, అంటే పోత ఇనుములో, ఉండే గ్రాఫైటు అది.

కాబట్టి మొదట తోక దగ్గరే మొదలుపెట్టండి. చదరం బెజ్జం నాలుగు మూలలూ దాగలికి బలహీనమైన చోట్లు. పాత దాగళ్లు ఎక్కువగా అక్కడే చీలతాయి. వైరు బ్రష్షుతో ఆ చుట్టుపక్కల రంగు, తుప్పు గీకేయండి. కొత్త రంగు కింద మెత్తగా, తెల్లగా పొడి రాలితే అది లప్పమే. గీకనివ్వనంటే ఆ బేరం వదిలేయండి. శుభ్రం చేశాక కొంచెం డీజిల్ పూసి పది నిమిషాలు ఆగండి (కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది). పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, సుద్దముక్క పొడి చేసి చల్లండి. చీలిక ఉంటే లోపలికి దిగిన డీజిల్ మళ్లీ పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లగీత తేలుతుంది. కొమ్ము మొదట్లోనూ, నడుము (మధ్యలో సన్నబడ్డ చోటు) దగ్గరా ఇలాగే చూడండి.

తర్వాత ముఖం, అంటే దెబ్బలు పడే పైభాగం. దాగలిలో మనం నిజంగా డబ్బు పెట్టేది పైపలకకే. పాత దాగళ్లలో ప్రధానంగా మూడు రకాలు: మొత్తం బీడు, మొత్తం పోత ఉక్కు, మెత్తటి ఇనుము లేదా బీడు ఒంటి మీద ఉక్కు పలక అతికించినవి. పోతపోసింది కదా అని అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు. పోత ఉక్కు దాగలి తరాల పాటు పనిచేస్తుంది. స్వీడన్ నుంచి వచ్చిన కోల్స్వా, సోడెర్‌ఫోర్స్ అలాంటివే. ఉక్కు ముఖం లేని బీడుదైతే దెబ్బను మింగేస్తుంది, అంచులు పెళుసుగా రాలిపోతాయి. కర్రు పని దాని మీద పెట్టుకోకండి.

తేడా తేల్చడానికి లారీ మెకానిక్ దగ్గర అంగుళం బేరింగు గుండు ఒకటి అడిగి తీసుకోండి. టేపు నిలబెట్టి, 10 అంగుళాల ఎత్తు నుంచి ముఖం మీద వదలండి. విసరకూడదు, చేతిలోంచి జారనివ్వాలంతే. 8, 9 అంగుళాలు తిరిగి లేస్తే మంచి గట్టి ముఖం. 7 వరకూ పరవాలేదు. 5 దగ్గరే ఆగిపోతుంటే అది మెత్తటి బీడు కావచ్చు, లేదా ఎప్పుడో అగ్నిప్రమాదంలో కాలి గట్టిదనం పోయిన ఉక్కు కావచ్చు. రెండూ మనకు వద్దు. ఒక్కచోట చూసి లేచిపోకండి. కొమ్ము నుంచి తోక దాకా అంగుళం అంగుళం వదులుతూ పోండి. అన్నిచోట్లా 8 లేస్తూ ఒకచోట మాత్రం ధబ్బుమని 4 దగ్గర చతికిలబడితే, అక్కడ పలక ఒంటి నుంచి విడిపోయినట్టు అనుమానించాలి. వెల్డింగు పెట్టి పూడ్చిన చోటా చాలాసార్లు ఇలాగే పడిపోతుంది.

మా నాయన కాలం వాళ్లు చిన్న సుత్తితో తట్టి, గంటలా మోగితే మంచిదనేవారు. మోగడం మంచి గుర్తే. కానీ మోగనిదల్లా చెడ్డది కాదు. అమెరికాలో ఫిషర్ కంపెనీ 1847లో పేటెంటు తీసుకుని బీడు ఒంటికి ఉక్కు ముఖం కలిపి పోత పోసింది. పక్కన గద్దబొమ్మ ఉంటుంది. అది దాదాపు మోగదు, అయినా గుండు బాగా లేస్తుంది. గట్టిగా దిమ్మెకు బిగించి ఉన్నా మోత తగ్గుతుంది. మోత చివర జరజరమని పగిలిన కుండ చప్పుడు వస్తే మాత్రం చీలిక కోసం మళ్లీ వెతకండి.

ఆకురాయి పెట్టి ముఖం అంచున ఒక్కసారి లాగండి. జారిపోతే గట్టిది, కొరికితే మెత్తనిది. అడుగున కనిపించని చోట గ్రైండరు ఆనిస్తే రవ్వలు చెబుతాయి: బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా వచ్చి ఆరిపోతాయి, ఉక్కువి పొడుగ్గా తెల్లగా పువ్వులా విచ్చుకుంటాయి. అడుగు బీడైనంత మాత్రాన ముఖం బీడని కాదు, అది గుర్తుంచుకోండి.

పక్కన చుక్కలు పెట్టి 1·2·10 లాంటి మూడు అంకెలుంటే అది ఇంగ్లండు తూకం. మొదటిది 112 పౌండ్ల లెక్క, రెండోది 28, మూడోది విడి పౌండ్లు. అంటే 112, రెండు 28లు, 10 కలిపి 178 పౌండ్లు, మన లెక్కలో 81 కిలోలు. డడ్లీలో చేసిన పీటర్ రైట్ దాగళ్ల మీద ఇలాగే ఉంటుంది. ఇవి సాగగొట్టిన ఇనుము ఒంటికి ఉక్కు పలక అతికినవి. దొరికితే అంచులు కొంచెం రాలినా వదలొద్దు.

ముఖం కాస్త పల్లం పడిందని మిషను పట్టించి చదును చేయించొద్దు. పలక అసలే అర అంగుళం మందం. ఉన్న గట్టిదనమంతా పొట్టుగా పోతుంది. ఆ కొద్ది పల్లం వంకర తీయడానికి పనికొస్తుంది కూడా.

దాగలి బదులు రైలు పట్టా ముక్క ఇస్తామంటారు. ఉక్కు మంచిదే, నిలువుగా పాతుకుంటే బాగా పనిచేస్తుంది. కానీ వేలంలో కొన్నట్టు కాగితం లేనిది ముట్టుకోవద్దు. రైల్వే సామాను అక్రమంగా దగ్గరుంచుకుంటే 1966 చట్టం కింద కేసవుతుంది, కొన్నవాడే ఇరుక్కుంటాడు.

ఇంటికి తెచ్చేటప్పుడు ఆటోలో పడుకోబెట్టి మోకుతో కట్టండి. ఇద్దరు లేకుండా దించొద్దు. చింతదిమ్మె మీద ఊగకుండా బిగించి, వాడిగా ఉన్న అంచులను ముందే కొంచెం గుండ్రంగా రుద్దేయండి, లేకపోతే దెబ్బకు పెచ్చు లేచి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు మీకే కాదు, సమ్మెట వేసేవాడికీ ఉండాలి. ఉత్త దాగలి మీద సమ్మెట దించనివ్వకండి, తోక మీద బరువు పని పెట్టకండి. వారం పని నడిచాక చదరం బెజ్జం దగ్గర మళ్లీ డీజిల్ పూసి, సుద్ద చల్లి చూడండి.