53 పూసల జపమాల: మా కోడలికి నేర్పినట్టుగా

పోయిన అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం మా కోడలు జపమాల చేత్తో పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. "అత్తయ్యా, మీరంతా చకచకా చెప్పేస్తుంటే నాకు ఏ పూస మీద ఏం చెప్పాలో అంతుపట్టట్లేదు. ఒక్కసారి నెమ్మదిగా చూపిస్తారా?" అంది. ఆ అమ్మాయి హిందువుల ఇంట్లో పుట్టి పెరిగింది. మేము కతోలిక క్రైస్తవులం, నాకేమో ఊయలలో ఉన్నప్పటి నుంచి చెవిన పడిన మాటలు. ఇవి ఒకరు నేర్పితే ఒకరు నేర్చుకోవాల్సినవని అప్పటిదాకా తోచనే లేదు. స్టవ్ ఆపేసి, పీట వాల్చుకుని, పూస పూస చూపించాను. ఆ రోజు తనకు చెప్పిందే, తర్వాత గుర్తొచ్చినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. అక్టోబరు జపమాల మాసం కాబట్టి అప్పుడే మొదలుపెట్టాలని ఏమీ లేదు. ఇవాళ అయినా మొదలుపెట్టొచ్చు.

మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక విజయవాడ వచ్చేశాం. గుణదల కొండకు నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. బట్టలు కుడతాను.

ముందు మాలను బల్ల మీద పరిచి చూడండి. ఒక చివర సిలువ వేలాడుతుంది. అక్కడి నుంచి ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, మళ్ళీ ఒక పెద్దది, ఆ పైన మరియమ్మ బొమ్మ ఉన్న పతకం. పతకం దగ్గర నుంచి మాల గుండ్రంగా తిరుగుతుంది. అందులో పదేసి చిన్న పూసలు ఐదు వరసలు, వరసకీ వరసకీ నడుమ ఒక పెద్ద పూస. చిన్నవి మొత్తం 53, పెద్దవి 6. చిన్న పూసకు మంగళవార్త జపం, అంటే మరియమ్మకు చెప్పే వందనం. పెద్ద పూసకు పరలోక జపం, అంటే "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలయ్యేది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం వచ్చేసినట్టే.

సిలువ పట్టుకుని సిలువ గుర్తు వేసుకోవాలి. ఇది మాత్రం తొందరగా చేయొద్దు. చాలామందిమి ఈగను తోలినట్టు చెయ్యి ఆడించి వదిలేస్తాం. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దులో కట్టెలు ఏరుకోవడానికి వెళ్ళిన పద్నాలుగేళ్ళ బెర్నదెత్తు, గుహలో మరియమ్మను చూసి భయపడి జేబులోంచి జపమాల తీసింది. సిలువ గుర్తు వేసుకుందామంటే చెయ్యి పైకి లేవలేదట. ఆ తల్లి తాను నెమ్మదిగా వేసుకుని చూపించాకే ఈ పిల్ల చెయ్యి లేచింది. నాకు తొందరగా ఉన్న రోజున ఆ సంగతి గుర్తు చేసుకుంటాను. నుదురు, గుండె, ఎడమ భుజం, కుడి భుజం. నాలుగు చోట్లా చెయ్యి తగలాలి.

సిలువ మీదే విశ్వాస సంగ్రహం, అంటే మనం నమ్మేదంతా క్లుప్తంగా చెప్పే జపం, చెప్పాలి. తర్వాత పెద్ద పూస మీద పరలోక జపం, మూడు చిన్న పూసల మీద మూడు మంగళవార్త జపాలు. ఆ మూడూ విశ్వాసం, నమ్మకం, ప్రేమ మనలో పెరగాలని అడిగేవి. ఆ పైన త్రిత్వ స్తోత్రం, అంటే పిత పుత్ర పవిత్రాత్మలకు మహిమ చెప్పడం. ఇక్కడే కొత్తవాళ్ళు తడబడతారు. దేవరహస్యం అంటే యేసు, మరియమ్మల జీవితంలో మనం ధ్యానించే ఒక ఘట్టం. పతకానికి ముందున్న పెద్ద పూస మీద మొదటి దేవరహస్యం పేరు చెప్పి, పరలోక జపం చెప్పి, పతకం దాటి మొదటి పదిలోకి వెళ్ళాలి. పది అయ్యాక త్రిత్వ స్తోత్రం, దాని వెంట "ఓ నా యేసువా, మా పాపములను క్షమించండి" అని మొదలయ్యే చిన్న ప్రార్థన. ఆ ప్రార్థనను 1917 జూలైలో పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మ ముగ్గురు పిల్లలకు నేర్పింది. ఆ వెంటనే వచ్చే పెద్ద పూస మీద రెండో దేవరహస్యం మొదలు. అట్లా ఐదూ తిరిగి వచ్చేసరికి మళ్ళీ పతకం దగ్గరే ఉంటారు. అక్కడ మరియమ్మను రాణీ అని పిలుస్తూ చెప్పే జపం, ఓపిక ఉంటే దేవమాత లిటనీ (ఆ తల్లిని ఒక్కో పేరుతో పిలుస్తూ వేడుకునే ప్రార్థన), చివర సిలువ గుర్తు. హడావుడి లేకుండా చెబితే ఇరవై నిమిషాలు.

మంగళవార్త జపం మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, ఇట్లా చెబుతాం. మీ ఊళ్ళో ఒకటి రెండు మాటలు తేడా ఉండొచ్చు.

"దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు. స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే. మీ గర్భఫలమగు యేసు ఆశీర్వదింపబడినవారగును. పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా, పాపాత్ములమై యుండెడు మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి. ఆమెన్."

మా కోడలు మొదట ఆగింది "ఏలినవారు" దగ్గర. ఎవరు ఏలింది అని అడిగింది. మనల్ని ఏలే ప్రభువు అని చెప్పాను. పాత మాట, కానీ దానికి ఒక బరువుంది. "మీరు" అనడం కూడా గమనించండి. మన తెలుగు జపాల్లో దేవుణ్ణీ మరియమ్మనూ మీరు అంటాం, "ప్రార్థించండి" అంటాం. ఇంటికొచ్చిన పెద్దలతో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఆ మర్యాద నోట్లో ఉంటే గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఈ జపంలో మొదటి సగం ఎవరో కల్పించింది కాదు. గాబ్రియేలు దూత చెప్పిన వందనం, ఎలిజబెతమ్మ పలికిన దీవెన. రెండూ లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఉన్నాయి. రెండో సగం మనం అడుక్కునేది. పక్కింటివాళ్ళు "మీ ఆర్‌సీఎం వాళ్ళు మరియమ్మను పూజిస్తారు కదా" అంటే నేను వాదన పెట్టుకోను. చివరి మాట చూపిస్తాను. "మా కొరకు ప్రార్థించండి" అంటున్నాం. నా కోసం ప్రార్థన చేయమని పక్కింటి అక్కను అడగనా? ఈ తల్లిని ఇంకా ఎక్కువ చనువుగా అడుగుతాను.

నలుగురు కూర్చుని చెప్పేటప్పుడు ఒకరు మొదటి సగం చెప్పాలి, మిగతావాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా" దగ్గర అందుకోవాలి. అవతలివాళ్ళ మాట పూర్తిగా ముగిశాకే అందుకోండి. "యేసు" అన్న పేరు మన తొందరలో మునిగిపోకూడదు.

ఏ రోజు ఏ దేవరహస్యాలో చెబుతాను. ఇవి నాలుగు గుంపులు, గుంపుకు ఐదేసి. సోమవారం, శనివారం సంతోష దేవరహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు. బుధవారం, ఆదివారం మహిమ. గురువారం వెలుగు. వెలుగు దేవరహస్యాలను రెండో జాన్‌పాల్ పోపుగారు 2002లో చేర్చారు. అందుకే ఇంట్లో అమ్మమ్మల నాటి జపాల పుస్తకం ఉంటే అందులో గురువారానికి సంతోషం, శనివారానికి మహిమ అని కనబడుతుంది, కంగారు పడకండి. అంతకు ముందు పదిహేను దేవరహస్యాలే. మూడు యాభైలు, మొత్తం 150 మంగళవార్తలు. బైబిల్లో కీర్తనలు కూడా 150. చదువు రానివాళ్ళు కీర్తనలకు బదులుగా ఇవి చెప్పుకునేవాళ్ళు.

ఇక అసలు సంగతి. పెదవులు జపం చెబుతాయి, వేళ్ళు పూసలు లెక్కపెడతాయి. మరి మనసు? దానికి చూడటమే పని. ఆ పది పూసలు అయ్యేంతవరకు ఆ దేవరహస్యాన్ని చూస్తూ ఉండాలి. నాకు ఇది తెలిసేసరికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టారు. అప్పటిదాకా నోటికి వచ్చిన పాఠంలా అప్పజెప్పేదాన్ని.

గుణదల తిరునాళ్ళ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతుంది. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు మరియమ్మ స్వరూపాన్ని పెట్టించిన చోటు అది. ఆ మూడు రోజులూ కొండ కింద ఇసుక వేస్తే రాలని జనం. తలనీలాలిచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్ళు, కొండపైన సిలువ దాకా మెట్లెక్కే వాళ్ళు. నా పెద్దవాడికి ఏడేళ్ళప్పుడు ఆ జనంలో చెయ్యి జారిపోయింది. కొవ్వొత్తులకు చిల్లర ఇస్తూ ఒక్క క్షణం వాడి చెయ్యి వదిలాను. తిరిగి చూస్తే లేడు. నీలం గళ్ళ చొక్కా. ఆ రోజు ఎన్ని నీలం చొక్కాలు కనబడ్డాయో! మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉన్నారు, ఒక్కటీ మా వాడిది కాదు. గంట తర్వాత మైకు గది పక్కన బెంచీ మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన అరటిపండు తింటూ కనబడ్డాడు. పేరు అడిగితే సిగ్గుపడి చెప్పలేదట.

సంతోష దేవరహస్యాల్లో ఐదోది, తప్పిపోయిన బాలయేసు దేవాలయంలో కనబడటం. పన్నెండేళ్ళ కొడుకు కోసం మరియమ్మ, ఆమె భర్త జోజప్పగారు మూడు రోజులు వెతికారు. నాకు ఒక్క గంటకే కాళ్ళు చల్లబడిపోయాయి. మూడు రోజులు! ఆ తర్వాతి శనివారం ఐదో దేవరహస్యం చెబుతుంటే పది పూసలూ ఎట్లా జరిగాయో తెలియలేదు. యెరూషలేము వీధుల్లో ఆ తల్లి పక్కనే నడుస్తున్నట్టు ఉంది. ధ్యానం అంటే పెద్ద మాట అనుకుని భయపడక్కర్లేదు. మీ బతుకులో ఆ దేవరహస్యానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళండి. పెళ్ళిలో వడ్డన మధ్యలో కూర అయిపోయిన ఇల్లు చూశారా? గురువారం రెండోది కానా పెళ్ళి, అక్కడ ద్రాక్షరసం అయిపోతే ఆ సంగతి ముందు గమనించింది మరియమ్మే. మంచాన పడ్డ మనిషికి మొహం తుడిచారా? శుక్రవారం దుఃఖ దేవరహస్యాల్లో మీ దగ్గర చూడటానికి చాలా ఉంటుంది.

మనసు పక్కకు పోతుంది. రేపు ఇవ్వాల్సిన జాకెట్టుకు చేతులు ఎక్కించలేదని నాకు మూడో పదిలోనే గుర్తొస్తుంది. టెన్షన్ పడి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చెప్పకండి. గుర్తొచ్చినదాన్ని ఆ తల్లికే చెప్పి, ఉన్న పూస నుంచే ముందుకు వెళ్ళండి. లెక్కలో ఒకటి తగ్గినా పెరిగినా తప్పేమీ లేదు.

మా అమ్మ మిరపకోతకు వెళ్ళేది. కాయలు కోసిన చేతులతో జపమాల ముట్టుకుంటే, ఆ తర్వాత పిల్లలు ఎవరైనా పట్టుకుని కళ్ళు నలుపుకుంటారని మాలను ఇంట్లోనే ఉంచేది. కొంగుకు పది ముడులు వేసుకుని, ఒక్కో మంగళవార్తకు ఒక్కో ముడి విప్పేది. పక్క సాలులో ఉన్నామె రెండో సగం అందుకునేది. సాయంత్రానికి కొంగు అంతా నలిగి ముడతలు పడి ఉండేది. ఆ ముడతలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనబడతాయి. మాల దగ్గర లేకపోతే మీకు పది వేళ్ళున్నాయి. బస్సులో, క్యూలో, ఆసుపత్రి వరండాలో వేళ్ళ మీద ఒక్క పది చెప్పుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం రోజుకు ఒక్క పదే చెప్పడం మంచిదని కూడా నా మాట. మొదటి రోజే ఐదూ చెప్పి అలిసిపోయి మానేసినవాళ్ళను చాలామందిని చూశాను.

మా చిన్నవాడు హైదరాబాదులో ఉంటాడు. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్లో కలిసి చెబుతాం. ఫోన్లో గొంతు కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి అందరూ ఒకేసారి అందుకుంటే గందరగోళం అవుతుంది. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో పది ఒక్కరు పూర్తిగా, రెండు సగాలూ వాళ్ళే చెబుతారు. మిగతావాళ్ళు మైకు ఆపుకుని తమ దగ్గర పైకే పలుకుతారు.

మాల కొన్నాక ఫాదర్‌గారి చేత ఆశీర్వాదం చేయించుకోండి. అది మెడలో అలంకారానికో, బండి అద్దానికి వేలాడదీయడానికో కాదు. తెగితే పారేయకండి. తీగ మాల అయితే విడిపోయిన కొక్కేన్ని నోస్ ప్లయర్‌తో తెరిచి, పక్క పూస కొక్కేన్ని అందులో వేసి, రెండు చివరలూ కలిసేదాకా నొక్కాలి. వెంట్రుకంత సందు ఉన్నా చీరకు పట్టుకుని మళ్ళీ ఊడిపోతుంది. దారం మాల అయితే గట్టి నైలాన్ దారం తీసుకుని, వరసకీ వరసకీ మధ్య ముడి వేయండి. పూసలు ఒకదాని మీదకి ఒకటి జరగవు. బాగుచేయడానికి వీల్లేనంత పాడైతే చెత్తబుట్టలో వేయకుండా శుభ్రమైన చోట మట్టిలో పూడ్చాలి.

మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. సోమవారాలు రెండో దేవరహస్యం తనే చెబుతుంది, మరియమ్మ ఎలిజబెతమ్మను చూడ్డానికి వెళ్ళడం. అప్పుడు ఎలిజబెతమ్మకు కూడా ఆరో నెలేనని దూత చెప్పిన మాట నేను చదివి వినిపించినప్పటి నుంచి అది తనదే అయిపోయింది. మొన్న సోమవారం పెద్ద పూస పట్టుకుని ఆగింది. "అత్తయ్యా, కడుపులో బిడ్డతో ఆ కొండలు ఎక్కి అంత దూరం ఒక్కతే వెళ్ళిందా?" అని అడిగింది. త్వరత్వరగా వెళ్ళిందని, సుమారు మూడు నెలలు అక్కడే ఉందని లూకాగారు రాశారు, తోడు ఎవరు వెళ్ళారో రాయలేదు అని చెప్పాను. కాసేపు కిటికీలోంచి కొండ మీద సిలువ వైపు చూసింది. తర్వాత "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టింది.