సోల్ ఊడిందా? గమ్ పూసే ముందు ఊడిన చోటు చూడండి

సమస్య: చాన్నాళ్లు దాచి ఉంచిన బూట్లు వేసుకుని నాలుగడుగులు వేశారో లేదో, సోల్ ఊడొచ్చింది. చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి.

అందరూ వెంటనే గమ్ పూసేస్తారు. దయచేసి ముందు ఊడిన రెండు వైపులా చూడండి. రెండూ శుభ్రంగా ఉంటే అతుకు వదిలిందంతే. పాత గమ్ గీకేసి, గరుకు కాగితంతో రుద్ది, పాలియురెథేన్ గమ్ డబ్బా మీద చెప్పినట్టు పూసి గట్టిగా నొక్కితే సరిపోతుంది.

ఊడిన సోల్‌కి నురుగు (ఫోమ్) పొడి, ముక్కలు అంటుకుని ఉన్నాయా? మడమ పక్కన గోటితో నొక్కితే రాలుతోందా, జిగటగా తగులుతోందా? అయితే గమ్ తప్పేమీ లేదు. సోల్ పదార్థమే చచ్చిపోయింది.

కారణం: ఇలాంటి సోల్ నురుగు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. అందులో పాలిఎస్టర్ రకం, పాలిఈథర్ రకం అని ఉన్నాయి. అరుగుదలనూ నూనెనూ బాగా తట్టుకుంటుందని బూట్ల సోల్స్‌కి పాలిఎస్టర్ రకం ఎక్కువగా వాడతారు. అయితే దానికి నీళ్లు పడవు. గాలిలోని తేమ చాలు, దాని అణువుల్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధాలు ఒక్కొక్కటే తెగుతాయి. తెగినప్పుడు పుట్టే ఆమ్లం మిగతావి తెగడాన్ని ఇంకా తొందర చేస్తుంది. వేడి తోడైతే మరీ వేగం. దీన్నే జలవిశ్లేషణ అంటారు. బూట్లు వాడకపోయినా ఇది ఆగదు. పైకి ఏమీ తెలియదు, బరువు పడ్డాకే బయటపడుతుంది. అందుకే జనం గమ్‌ని తిట్టుకుంటారు.

పరిష్కారం: ఇలాంటి సోల్‌కి ఏ గమ్ పూసినా వృథా. గమ్ పట్టుకునే ఉంటుంది, దాని పక్కనున్న నురుగు చిరుగుతుంది. పాత నురుగంతా తీయించి కొత్త సోల్ వేయించాలి, అదీ పైభాగం బాగుంటేనే. ఒక కాలిది పోయిందంటే రెండోదాని వయసూ అంతే కాబట్టి రెండూ మార్పించండి. కొండలెక్కే ప్రయాణమైతే బయల్దేరకముందే వంచి, నొక్కి చూసుకోండి. దారి మధ్యలో ఊడితే చాలా ఇబ్బంది.

పాలియురెథేన్ పూత వేసిన బ్యాగులు, సోఫాలు పెచ్చులూడటానికీ చాలాసార్లు కారణం ఇదే. ఆ పూత మళ్లీ అతకదు. నురుగు పసుపు రంగుకి తిరగడం వేరే సంగతి, అది ఎక్కువగా వెలుతురు వల్ల వస్తుంది. థిన్నర్ పడి ఉబ్బడం, బూజు తినడం అరుదు.

దాచేటప్పుడు బూట్లు పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగా ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు. గాలి ఆడే గుడ్డ సంచిలో, చల్లటి పొడిచోట పెట్టండి. సోల్ పాడవడం ఆగిపోదు గానీ ఆలస్యమవుతుంది.