దోమ పుట్టింటి చరిత్ర – 4వ పాఠం: తల్లి ఇచ్చేవి రెండు

కిందటి పాఠంలో, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు ఉండే సొంత డీఎన్ఏలోని సీవోఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాలను పోల్చి, తల్లివైపు వంశవృక్షం గీశాం. ఆ వృక్షాన్ని ఎప్పుడు అనుమానించాలో ఈసారి నేర్చుకుందాం. గీయడం కన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం.

మనకు ఇంటిపేరు తండ్రివైపు నుంచి వస్తుంది, మైటోకాండ్రియా తల్లివైపు నుంచి. చాలా పురుగుల్లో తల్లి గుడ్డులో ఇంకొకటి కూడా పెట్టి పంపుతుంది. అదే వోల్బాకియా అనే బాక్టీరియా. 1924లో హెర్టిగ్, వోల్బాక్ దీన్ని మొదట చూసింది క్యూలెక్స్ దోమలోనే.

మన విశాఖలో గెడ్డ పక్కన ఇల్లున్నవాళ్ళకు క్యూలెక్స్‌ను పరిచయం చెయ్యక్కర్లేదు. మొన్న మా పెరట్లో నీళ్ళ తొట్టి మీద బియ్యపు గింజంత నల్లటి తెప్ప ఒకటి కనబడితే గ్లాసులోకి తీశాను. భూతద్దంలో చూస్తే వందకు పైగా గుడ్లు, నిలబెట్టిన అగ్గిపుల్లల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రెండో రోజుకి తెప్ప ఖాళీ, గ్లాసు నిండా పిల్ల పురుగులు. వోల్బాకియా ఉన్న మగదోమ, అది లేని ఆడదోమతో కలిస్తే మాత్రం తెప్ప తెప్పంతా పొదగకుండా చస్తుంది. మగదోమ వీర్యంలో ఆ బాక్టీరియా చేసిన మార్పుని గుడ్డులో ఉన్న అదే బాక్టీరియా సరిచెయ్యాలి. రెండువైపులా ఉన్నా రకాలు వేరైతే ఇదే ఫలితం రావచ్చు. రంగూన్ దగ్గర ఓక్పో గ్రామంలో 1967లో శాస్త్రవేత్త లావెన్ వేరే రకం మగదోమలను వదిలి క్యూలెక్స్‌ను అణిచింది ఈ కిటుకుతోనే. దీని వెనక ఉన్నది వోల్బాకియా అని తేలింది ఆ తర్వాత.

ఇప్పుడు వంద చింతపిక్కలు తీసుకోండి. అవి ఆడదోమలు. 40 పిక్కలకు సున్నం బొట్టు పెట్టండి, అవి వోల్బాకియా ఉన్నవి. మగదోమల్లోనూ నూటికి 40కి ఉందనుకుందాం. బొట్టున్న 40 ఆడదోమల గుడ్లూ బతుకుతాయి. బొట్టు లేని 60లో 24 బొట్టున్న మగవాటితో కలుస్తాయి కాబట్టి వాటి గుడ్లు పోతాయి, 36 మిగులుతాయి. అంటే తర్వాతి తరంలో 76లో 40, నూటికి 53. ఇదే లెక్క ముందుకు నడపండి: 70, 89, 99. నాలుగు తరాల్లో ఊరంతా బొట్లే.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ 40 దోమలూ మొదట్లో ఒకే తల్లి సంతతి అనుకోండి, మైటోకాండ్రియా డీఎన్ఏ అన్నిటికీ ఒకటే. మిగతా 60లో ఆరు రకాలున్నాయి. నాలుగు తరాలయ్యేసరికి ఆ ఆరూ దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. వాటిలో ఏ లోపమూ లేదు, పక్కన వోల్బాకియా లేదంతే. మీ వృక్షం మాత్రం ‘ఈ ఊరి దోమలన్నీ ఈమధ్యే పిడికెడు దోమల నుంచి పుట్టాయి’ అంటుంది. అది తప్పు. బొట్టున్న ఆడదోమలు బొట్టు లేని మగవాటితో కూడా కలిశాయిగా, వాటి కేంద్రకంలోని జన్యువుల వైవిధ్యం పిల్లల్లోకి వచ్చేసింది. అందుకే మైటోకాండ్రియా వృక్షం మరీ పొట్టిగా, అంటే కొమ్మల మధ్య తేడాలు చాలా తక్కువగా కనిపిస్తే కేంద్రక జన్యువులను కూడా చదవకుండా ఏమీ తేల్చకండి.

కాలిఫోర్నియాలో డ్రోసోఫిలా సిమ్యులాన్స్ అనే ఈగల్లో శాస్త్రవేత్తలు టురెల్లీ, హాఫ్‌మన్ ఇది జరుగుతుండగానే చూశారు. వోల్బాకియా ఏడాదికి సుమారు 100 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి పాకింది, దానితోపాటే ఒక రకం మైటోకాండ్రియా కూడా. చివరికి వోల్బాకియా లేని ఈగల్లోనూ ఆ రకమే కనబడింది. కొన్ని గుడ్లకు తల్లి నుంచి బాక్టీరియా అందదు, మైటోకాండ్రియా మాత్రం తప్పకుండా అందుతుంది మరి. ఇలా బాక్టీరియా లేకుండా మిగిలిన ఆనవాలే మీరు వెతకాల్సింది.

అభ్యాసం: ఈసారి బొట్లు 5తో మొదలుపెట్టండి. బొట్టున్న తల్లి గుడ్లలో పదింట ఒకదానికి బొట్టు రాదనుకోండి. అలాంటి గుడ్డుకి కూడా బొట్టున్న మగదోమతో చావే. ఆరు తరాలు లెక్కగట్టి, తర్వాత అదే లెక్క 40తో చెయ్యండి. రెండు వరుసలూ నోటుబుక్కులో పక్కపక్కన రాసుకుని ఉంచండి, 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.